చారెడు పొట్ట - చాటంత విస్తరి

మన తెలుగువాళ్ళం ప్రేమను మాటల్లో దాచుకోగలమేమో గాని వడ్డనలో దాచుకోలేము. ఇంటికి వచ్చిన మనిషిని కులాసాయేనా అని అడిగేముందే భోజనమయిందా అని అడుగుతాము. పెళ్ళికి వెళ్ళివచ్చిన వాళ్ళను పెళ్ళికొడుకు ఎట్లా వున్నాడని అడిగేవాళ్ళకంటె, భోజనాలు ఎట్లా వున్నవని అడిగేవాళ్ళే ఎక్కువ. కొట్టువాడు తూచి ఇచ్చిన దానిమీద చేత్తో వేసే పిడికెడుకు కూడా ఒక పేరు పెట్టుకున్నాము - కొసరు అని. ఆ కొసరే విస్తరి దగ్గరకు వచ్చేసరికి కొసరి కొసరి వడ్డించడం అయింది. "ఇంకొక్కటి" అన్న మాట వినపడని విందు మనకు విందులాగే తోచదు.

అటువంటి పంక్తిలో ఒక మనిషి కూర్చున్నదనుకోండి. ఆమె కడుపులో పట్టేది ఒక చిన్న కప్పెడు. అంతకు మించి ఒక్క ముద్ద దిగినా గుండెలమీద బండ పెట్టినట్లు వుంటుంది. తినకపోతే పెట్టినవారికి కోపం. తింటే తన ప్రాణానికి ముప్పు. బరువు తగ్గటానికి జీర్ణకోశానికి ఆపరేషను చేయించుకున్నవారి పరిస్థితి ఇది. వారి సంఖ్య ఇప్పుడు మన పట్టణాలలో పెరుగుతున్నది. ప్రతి పెద్ద కుటుంబంలోను, ప్రతి ఆఫీసులోను ఇటువంటివారు ఒకరో ఇద్దరో రేపో మాపో తటస్థపడక మానరు. ఆపరేషను డాక్టర్లు చేస్తారు. ఆ తరువాత నలుగురితో కూర్చుని తినడం మాత్రం ఎవరికి వారు నేర్చుకోవలసినదే. వారితోపాటు ఆ నలుగురూ కూడా నేర్చుకోవాలి.

శంషాబాదు రోడ్డు

ఈ సమస్యను చూడాలంటే శంషాబాదుకంటె అనువైన చోటు మరొకటి లేదు. హైదరాబాదునుంచి బెంగుళూరు పోయే దారిలో ఇది ఒకప్పుడు బస్సు రెండు నిమిషాలు ఆగి సాగిపోయే వూరు. 2008 మార్చి 23న విమానాల రాకపోకలు బేగంపేటనుంచి ఇక్కడికి మారినవి. మరుసటి సంవత్సరం మెహదీపట్నంనుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పొడవున పి.వి. నరసింహారావుగారి పేరిట ఎత్తుదారి వచ్చింది. ఔటర్ రింగురోడ్డు వచ్చింది. దానితో పొలాలు వుండిన చోట ఫంక్షన్ హాళ్ళు, హోటళ్ళు, దాబాలు వెలసినవి.

ఈ రోడ్డుమీద జనం తినేది ఆకలికంటె సందర్భంకోసం. ఒకటి పెళ్ళి. రెండు సాగనంపడం. మూడు ఎదుర్కోవడం. అమెరికాకు పోయే కుర్రవాడు ఒకడయితే, సాగనంపటానికి వచ్చే బంధువులు పదిమంది. వాడు లోపలికి వెళ్ళేదాకా ఏదో ఒకటి తింటూ, వెళ్ళిన తరువాత దిగులుతో మరింత తిని ఇంటికి చేరుతారు.

హైదరాబాదు అంటేనే తిండికి పేరుపడిన వూరాయె. 2010లో ఇక్కడి హలీముకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2019లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ యునెస్కో ఈ నగరాన్ని పాకకళకు ప్రసిద్ధమైన సృజనాత్మక నగరంగా గుర్తించింది. చిత్రమేమంటే, మనిషి ఎంత తినాలో ఏమి తినాలో లెక్కగట్టి చెప్పే జాతీయ పోషకాహార సంస్థ కూడా ఈ నగరంలోనే, తార్నాకలో వున్నది. 1958లో కూనూరునుంచి ఇక్కడికి తరలివచ్చింది. అంటే మనది ఒక చేత్తో వడ్డించి, మరొక చేత్తో తూచే వూరన్నమాట. తూకం ఎటు మొగ్గుతున్నదో కూడా తెలిసిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో నూటికి సుమారు ముప్ఫైమంది స్త్రీలు వుండవలసినదానికంటె ఎక్కువ బరువు వున్నట్లు తేలింది. మగవారి లెక్క కూడా అంతకు తక్కువేమీ కాదు.

ఇంతకూ ఆపరేషను ఏమిటి?

చాలామంది ఈ ఆపరేషనును, గొట్టంపెట్టి కొవ్వు పీల్చి తీసే సౌందర్య చికిత్సను ఒకటిగానే అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. కడుపులో పుండ్లకుగాను జీర్ణకోశంలో కొంతభాగం తీసివేసిన రోగులు బరువు తగ్గిపోవడం వైద్యులు గమనించారు. దాన్ని ఆధారం చేసుకుని అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ మేసన్ అనే శస్త్రవైద్యుడు 1966లో, ఆహారాన్ని జీర్ణకోశంలో చాలాభాగం తప్పించి పేగులోకి మళ్ళించే పద్ధతి మొదలుపెట్టాడు. దీనిని బైపాస్ అంటారు. ఇందులో ఆహారం నిలిచే సంచి సుమారు 30 మిల్లీలీటర్లు - అంటే రెండు పెద్ద చెంచాలు. నేడు ఎక్కువగా చేసేది స్లీవ్ అనే ఆపరేషను. ఇందులో జీర్ణకోశాన్ని నూటికి డెబ్బైఅయిదు, ఎనభై పాళ్ళు కోసి తీసివేస్తారు. మిగిలేది చొక్కా చేతివంటి సన్నని గొట్టం. మొదట్లో అందులో పట్టేది 100నుంచి 150 మిల్లీలీటర్లు. ఇరానీ హోటల్లో చాయ్ పోసే కప్పు ఇంచుమించు అంతే వుంటుంది.

పొట్ట చిన్నది కావడమే కాదు, ఆకలి తీరు కూడా మారుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోనును 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. అది ఎక్కువగా వూరేది జీర్ణకోశపు పైభాగంలో. స్లీవ్ ఆపరేషనులో పోయేది ఆ భాగమే.

ఇది సోకుకోసం చేసేది కాదు. బరువును కిలోగ్రాములలో తీసుకుని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు పెట్టి భాగిస్తే వచ్చే అంకెను బి.ఎం.ఐ. అంటారు. అది చాలా ఎక్కువగా వున్నవారికి, లేదా కొంత ఎక్కువై మధుమేహం, రక్తపుపోటు, నిద్రలో వూపిరి ఆగడం వంటి జబ్బులు కూడా తోడైనవారికి మాత్రమే వైద్యులు దీనిని సూచిస్తారు. స్వీడనులో 1987లో మొదలైన ఒక దీర్ఘ పరిశీలనలో, ఆపరేషను చేయించుకున్న స్థూలకాయులలో మరణాలు చేయించుకోనివారికంటె తక్కువగా వున్నట్లు కనబడింది. మనదేశంలో నితిన్ గడ్కరీ 2011లోను, కీర్తిశేషులు అరుణ్ జైట్లీ 2014లోను ఈ ఆపరేషను చేయించుకున్న సంగతి పత్రికలు చదివేవారికి కొత్తకాదు.

ఒక ముద్ద ఎక్కువైతే

ఆపరేషనైన తరువాత మొదటి వారాలు ద్రవాలే. పిమ్మట మెత్తగా చేసినవి, ఆ పిమ్మట మెత్తని పదార్థాలు. ఆరు ఎనిమిది వారాలు గడిచాక మామూలు తిండి, అదీ చిన్న మోతాదులో. ఈ దశ దాటేదాకా విందులు పెట్టుకోకపోవడమే మేలు. ఆ తరువాత విందుకు వెళ్ళేవారికి నాలుగు నియమాలు ప్రాణప్రదమైనవి.

మొదటిది, ముద్ద చిన్నది కావాలి, పిండి అయ్యేదాకా నమలాలి. సరిగా నమలని మాంసం ముక్క, గట్టి రొట్టె, ముద్దకట్టిన అన్నం - ఇవి ఇరుకు దారిలో అడ్డంపడతవి. నోట నీళ్ళూరి, ఛాతీ బిగిసి, చివరకు వాంతి. పదిమంది మధ్య అది ఎంత సిగ్గుగా వుంటుందో వేరే చెప్పనక్కరలేదు.

రెండవది, తిండీ నీరూ కలపరాదు. తిన్న తరువాత అరగంటదాకా నీళ్ళు ముట్టవద్దంటారు. కాబట్టి విస్తరి ముందు కూర్చుని గ్లాసు పక్కకు జరిపేవారిని చూసి మీరు ఆశ్చర్యపోనక్కరలేదు. గ్యాసు వున్న సోడాలు, కూల్‌డ్రింకులు వారికి పడవు.

మూడవది, తీపి. బైపాస్ చేయించుకున్నవారు ముఖ్యంగా తీపితో జాగ్రత్త పడాలి. చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగితే పది, ముప్ఫై నిమిషాలలో గుండె దడ, చెమటలు, కడుపులో మెలి, కళ్ళు తిరగడం వస్తవి. దీనిని డంపింగ్ అంటారు. కొందరికి ఒకటి రెండు గంటల తరువాత రక్తంలో చక్కెర పడిపోయి నీరసం ముంచుకువస్తుంది. అందుచేత వారికి డబల్ కా మీఠా ఒక గిన్నెడు పెట్టడం మర్యాద కాదు, శిక్ష.

నాలుగవది, వున్న చోటులో ముందు మాంసకృత్తులకు తావివ్వాలి. రోజుకు 60నుంచి 80 గ్రాములు కావాలంటారు. ఒక కోడిగుడ్డులో వుండేది సుమారు 6 గ్రాములే. ఇక అన్నంతో, పూరీతో పొట్ట నింపుకుంటే మిగతా దానికి చోటెక్కడిది? అందుకే వారు పప్పు, గుడ్డు, చేప, పెరుగు, పన్నీరు ముందు తిని, అన్నం చివర ముట్టుకుంటారు. బి12, ఇనుము, కాల్షియం, డి విటమిను మందులు మాత్రం జన్మాంతం వాడాలి. వాంతులు అదేపనిగా అవుతూవుంటే "తిన్నది పడలేదులే" అని వూరుకోరాదు. బి1 విటమిను లోపించి నరాలు దెబ్బతినే ప్రమాదం వుంది. వెంటనే డాక్టరును చూడాలి.

పెళ్ళి పంక్తిలో

ఇప్పుడు శంషాబాదులో ఒక ఫంక్షన్ హాలుకు పోదాము. ఇటువంటి సంభాషణ మీరు వినే వుంటారు.

"ఏందక్కా, గట్లనే కూసున్నవ్? ఏం తింటలేవు!"

"తిన్న వదినా. నిండింది."

"గింతనా? పిట్ట తిన్నట్టు తిన్నవ్. నా మీద ఒట్టు, ఈ ఒక్క లడ్డూ."

ఈ ఒట్టు దగ్గరే వచ్చింది చిక్కంతా. తింటే డంపింగ్, తినకపోతే వదినగారి ఒట్టు. మన భాషలో మొహమాటం అన్న మాట ఒకటుంది. కడుపు వద్దంటున్నా నోరు కాదనలేకపోవడం దాని పని. ఆపరేషను పొట్టను చిన్నది చేస్తుంది గాని, మొహమాటాన్ని రవ్వంతైనా కోయలేదు.

ఉపాయాలు లేకపోలేదు. పూర్వపు పంక్తి భోజనంకంటె ఇప్పటి బఫే వీరికి మేలు. పంక్తిలో విస్తరి ఖాళీ అయిన మరుక్షణం వడ్డించేవాడు ప్రత్యక్షమవుతాడు. బఫేలో ప్లేటు మన చేతిలోనే వుంటుంది. ఎంత పెట్టుకున్నామో ఎవరికీ పట్టదు. చిన్న ప్లేటు, చిన్న చెంచా తీసుకోవచ్చు. ప్లేటు పూర్తిగా ఖాళీ చేయకుండా కాస్త మిగల్చడం మరొక యుక్తి. ఖాళీ ప్లేటే కొసరును పిలుస్తుంది. పంక్తిలో కూర్చోక తప్పకపోతే, పక్కన తన సంగతి తెలిసిన చెల్లెలో భర్తో వుండేటట్లు చూసుకోవాలి. ఇంటినుంచి బయలుదేరేముందే గుడ్డో పెరుగో తిని వస్తే, రాత్రి పదకొండు గంటలకు వడ్డన మొదలైనా ఆందోళన వుండదు. ఆకలిమీద ఆత్రంగా తిన్న మొదటి రెండు ముద్దలే చాలాసార్లు కొంప ముంచుతవి.

హోటల్లో

హోటల్లో చిక్కు మరొక రకం. ఇక్కడ ఒట్లు వుండవు, బిల్లు వుంటుంది. మనిషికి ఇంత అని కట్టి ఎంతైనా తినమనే బఫేలో వీరు తినేది నాలుగు చెంచాలు. డబ్బు దండగయిందన్న బాధతో మరో రెండు చెంచాలు కుక్కుకోవడం తెలివితక్కువ. అటువంటిచోటికి కాక, విడిగా ఆర్డరిచ్చే హోటలుకు తీసుకుపోవడం స్నేహితుల విధి. ఒక ప్లేటు తెప్పించి ఇద్దరు పంచుకోవచ్చు. ముందే సగం పొట్లం కట్టించి పక్కన పెట్టుకోవచ్చు. సర్వరు వచ్చి "బాగాలేదా సార్?" అంటే, "బాగుంది, మిగిలింది ఇంటికి" అంటే సరిపోతుంది.

పాతబస్తీనుంచి చాంద్రాయణగుట్ట మీదుగా విమానాశ్రయానికి వచ్చే దారిలో బార్కస్ వున్నది. నిజాముల కొలువులో వుండిన అరబ్బు సిపాయిల బారకాసులే ఆ పేరుకు మూలం. వారి పూర్వులు యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతంవారు. అక్కడి మండీ ఈనాడు నగరమంతటా ప్రసిద్ధి. పెద్ద పళ్ళెంలో అన్నం, మాంసం పోసి నలుగురైదుగురు చుట్టూ కూర్చుని తింటారు. వింతేమంటే, చిన్నపొట్ట మనిషికి ఇంత పెద్ద పళ్ళెమే అన్నిటికంటె సుఖం. ఎవరివాటా ఎంతో గీత వుండదు. ఎవరు ఎంత తిన్నారో లెక్క వుండదు. అన్నం జోలికి పోకుండా మెత్తగా వుడికిన రెండు మాంసపు పీచులు నమలుతూ గంటసేపు కబుర్లు చెప్పుకోవచ్చు. రంజాను నెలలో హలీము కూడా అటువంటిదే. గోధుమ, మాంసం కలిపి గంటలకొద్దీ వుడికించి మెదిపింది కనుక గొంతులో సులువుగా దిగుతుంది. కాని నెయ్యి ఎక్కువ కాబట్టి నాలుగు చెంచాలతో చాలించాలి.

పార్టీలలో మద్యం సంగతి వేరే చెప్పాలి. ఈ ఆపరేషనుల తరువాత మద్యం రక్తంలోకి వేగంగా ఎక్కుతుంది, ఆలస్యంగా దిగుతుంది. ముందు నాలుగు గ్లాసులకు చలించని మనిషి ఇప్పుడు ఒకటిన్నరకే తూలవచ్చు. బైపాస్ తరువాత రెండవ సంవత్సరంలో తాగుడు వ్యసనం పెరుగుతున్నట్లు 2012లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలన హెచ్చరించింది. తిండిలో దొరికే ఓదార్పు పోయినప్పుడు మనసు మరొక ఓదార్పును వెతుకుతుంది కాబోలు. "ఒక్క పెగ్గేగా" అనే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

విమానం ఎక్కేవేళ

పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళే తల్లిదండ్రులలో కూడా ఆపరేషను అయినవారు వుంటున్నారు. వీరికి తిండికంటె నీళ్ళ సంగతి ముఖ్యం. ఒక్కసారి గ్లాసెడు తాగలేరు. రోజంతా గుక్క గుక్కగా తాగాలి. విమానంలో గాలి పొడిగా వుంటుంది. అంతర్జాతీయ ప్రయాణంలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసాతో ద్రవాన్ని తనిఖీ దాటనివ్వరు. కాబట్టి ఖాళీ సీసా తీసుకుపోయి, తనిఖీ అయిన తరువాత లోపల నింపుకోవాలి. చేతిసంచిలో వేయించిన శనగలో, పల్లీలో వుంచుకుంటే విమానంలో ఇచ్చే ట్రే మీద ఆధారపడనక్కరలేదు. వీడ్కోలు హడావిడిలో బంధువులు పెట్టే అరిసె, సున్నివుండలను సంచిలో భద్రంగా సర్దుకుని, "అక్కడ తింటాను" అంటే ఎవరికీ బాధ వుండదు. తినేవాళ్ళు అక్కడ ఎలాగూ వుంటారు.

నలుగురి నోళ్ళు

తిండి సమస్యకంటె మాటల సమస్య గట్టిది. ఏడాదిలో ముప్ఫై నలభై కిలోలు తగ్గిన మనిషిని చూడగానే, "ఏం జబ్బు చేసింది?" అని ఒకరు. "ముఖం పీక్కుపోయింది, లావుగా వున్నప్పుడే కళగా వుండేదానివి" అని మరొకరు. "కత్తితో తగ్గావన్నమాట, నోరు కట్టుకుని కాదు" అని ఇంకొకరు. ఈ మూడవ మాట అన్నిటికంటె క్రూరమైనది. పై నియమాలు చదివినవారికి తెలిసే వుంటుంది, నోరు కట్టుకోవడం ఆపరేషనుతో ముగియదు, దానితో మొదలవుతుందని. కొంతకాలానికి పొట్ట కొద్దికొద్దిగా సాగుతుంది. మెత్తని తీపి పదార్థాలు, చిరుతిళ్ళు అదేపనిగా తింటే పోయిన బరువు తిరిగి వస్తుంది. మొదటి ఏడాది, ఏడాదిన్నర మాత్రమే ఆపరేషను మనిషిని మోస్తుంది. ఆ తరువాత మనిషే ఆపరేషనును మోయాలి.

ఈ మాటలకు జడిసి కొందరు పెళ్ళిళ్ళకే వెళ్ళడం మానేస్తారు. ఆఫీసులో అందరూ భోజనానికి లేచేవేళ పని వున్నదని కూర్చుండిపోతారు. పుట్టినరోజు పిలుపులకు తలనొప్పి సాకు చెబుతారు. శరీరం తేలికై మనసు బరువెక్కడమంటే ఇదే. ఇన్నాళ్ళు లావని నలుగురిలోకి రావటానికి సంకోచించినవారు, సన్నబడిన తరువాత కూడా ఇంట్లోనే కూర్చుంటే ఇక ఆ చికిత్స వలన సుఖమేమున్నది?

ఆపరేషను సంగతి ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో వారి ఇష్టం. ఊరందరికీ చెప్పి తీరాలన్న నియమం లేదు. "డాక్టరు కొద్దికొద్దిగా తినమన్నారు" అన్న మాట నిజమూ అవుతుంది, సంభాషణకు గొళ్ళెమూ అవుతుంది. కాని తరచు కలిసి తినే ఒకరిద్దరికైనా అసలు సంగతి తెలిసి వుండడం మంచిది. మెడలో ముద్ద పట్టిన వేళ చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయేవారు కావాలి కదా!

పెట్టేవారి ధర్మం

కడపటి మాట పెట్టేవారితో. మన ఇళ్ళలో వడ్డించే చెయ్యి ఎక్కువగా ఆడవారిది. వండింది చెల్లకపోతే తన వంటకు, తన ప్రేమకు అవమానం జరిగినట్లు ఆమె బాధపడటంలో తప్పులేదు. అయితే ప్రేమకు తూకం గంటె కాదు. వచ్చినవారి ముందు చిన్న గిన్నె పెట్టి, "నీకు ఏది పడుతుందో చెప్పు, అది మెత్తగా చేస్తాను" అనే వదినగారు, ఒట్లు పెట్టే వదినగారికంటె వేయిరెట్లు ఎక్కువ మర్యాద చేసినట్లు. పక్కవారు తినడం పూర్తయిందాకా ఆ చిన్న గిన్నెవారిని లేవనివ్వకుండా కబుర్లలో కూర్చోబెట్టుకుంటే ఇంకా మేలు. వారికి కరువైనది తిండి కాదు, పంక్తి.

ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. శంషాబాదు దగ్గరే అమ్మపల్లి సీతారామస్వామి గుడి వున్నది. ఆ గుడిలోనే కాదు, ఏ గుడిలోనైనా పూజారి చేతిలో పెట్టే ప్రసాదం ఎంత? చిటికెడు, మహా అయితే చారెడు. ఎక్కువ తిన్నవాడికి భక్తి ఎక్కువనీ, తక్కువ తీసుకున్నవాడు దేవుణ్ణి అవమానించాడనీ ఎవరూ అనుకోరు. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటే చాలు, అందరితోపాటు అందినట్లే. గుడిలో తెలిసిన ఈ సంగతి ఇంట్లో విస్తరి ముందు కూడా గుర్తుంటే, చారెడు పొట్టవారు చాటంత విస్తరిని చూసి భయపడవలసిన అవసరం వుండదు.